బ్రాంప్టన్, ఓషావా, మాల్టన్: మన ప్రాంతంతో చుట్టరికం ఉన్న మూడు రకాల సూపర్‌ఛార్జర్లు

షిఫ్టులో ఉండి ఎపిసోడ్ వినడం కుదరనివాళ్ల కోసం, విన్నా మధ్యలో బస్సు దిగిపోయినవాళ్ల కోసం ఎప్పటిలాగే ఇక్కడ రాసి పెడుతున్నా. ఈసారి ఇంకో కారణం కూడా ఉంది. ఆడియోలో సగం విషయం చేతులు తిప్పుకుంటూ చెప్పాను. నా చేతులు మీకు కనపడవన్న సంగతి ఎడిటింగ్‌లో కూర్చున్నాక గానీ గుర్తు రాలేదు. అందుకని ఇది అచ్చు ట్రాన్‌స్క్రిప్ట్ కాదు, కొంచెం సర్ది రాసింది.

ఈ ఎపిసోడ్‌కి మూలం ఒక వాయిస్ మెసేజ్. ఆర్మూరు వైపు తమ్ముడు, బ్రాంప్టన్‌లో వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ చేస్తాడు. "అన్నా, ఒక బండి చూసిన. వీ8. మస్తుగున్నది. సూపర్‌ఛార్జర్ కూడా ఏసిండంట. పదకొండు వేలు చెప్తున్నడు. తీసుకుందునా?" అంతే మెసేజ్. పదకొండు వేల డాలర్లంటే వాడికి ఏడాదిన్నర రాత్రులు. ఇక్కడికి రావడానికి చేసిన అప్పు ఇంకా కొంత ఊళ్లో అలాగే ఉంది. అందుకే "తీసుకో" అనో "వద్దు" అనో ఒక్కమాటలో చెప్పలేకపోయాను. ఏ రకం సూపర్‌ఛార్జర్ అని తిరిగి మెసేజ్ పెట్టాను. "రకాలుంటయా అన్నా?" అన్నాడు. ఉంటాయి.

ముందొక సంగతి. మా ఇంట్లో ఈ మాట చెప్తే, మా ఆవిడ టెస్లా కార్లు చార్జింగ్ పెట్టే స్టేషన్ గురించి అనుకుంది. ఆ పేరు వాళ్లు తర్వాత వాడుకున్నారు. మనం మాట్లాడేది పెట్రోలు ఇంజన్‌లోకి గాలి దట్టించే యంత్రం గురించి, దానికి నూరేళ్లు దాటాయి. 1921లోనే మెర్సిడెస్ వాళ్లు సూపర్‌ఛార్జర్ ఉన్న కార్లను బెర్లిన్ మోటార్ షోలో పెట్టారు.

గాలి ఎందుకు దట్టించాలి? ఊళ్లో కమ్మరి కొలిమి చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బొగ్గు ఎంతున్నా తిత్తి ఊదకపోతే ఇనుము ఎర్రబడదు. ఇంజన్ కూడా అంతే. ఒక కిలో పెట్రోలు సరిగ్గా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువ పోయడం తేలిక, ఇంజెక్టర్ ఇంకాసేపు తెరిచి ఉంచితే చాలు. కష్టమంతా గాలిది. మామూలు ఇంజన్ పిస్టన్ కిందికి దిగినప్పుడు ఎంత పీల్చుకోగలదో అంతే. కాబట్టి ఎక్కువ బలం కావాలంటే ముఖ్యంగా రెండు దారులు: ఇంజన్ పెద్దది చేయాలి, లేదా ఉన్న ఇంజన్‌కి తిత్తి పెట్టాలి. ఆ తిత్తిని పొగ గొట్టంలోంచి పోయే వేడి గాలితో తిప్పితే టర్బో. క్రాంక్‌షాఫ్ట్ నుంచి బెల్టుతోనో గేర్లతోనో తిప్పితే సూపర్‌ఛార్జర్. విజయవాడ ఆటోనగర్‌లో నేను పని నేర్చుకున్న షెడ్డులో లారీల టర్బోలు రోజూ చూసేవాడిని. సూపర్‌ఛార్జర్ మాత్రం కెనడా వచ్చాకే నా చేతికి తగిలింది.

ఇక రకాల్లోకి. మూడు. ఆ మూడిటికీ మనం ఉండే ప్రాంతంతో చుట్టరికం ఉంది, అందుకే ఆ ఊళ్ల పేర్లతోనే చెప్తున్నా.

మొదటిది ఓషావా. అక్కడి జీఎం ఫ్యాక్టరీలో 1997 నుంచి 2004 వరకు బ్యూక్ రీగల్, 2004 నుంచి 2008 వరకు పాంటియాక్ గ్రాండ్ ప్రీ తయారయ్యాయి. వాటిలో రీగల్ జీఎస్, గ్రాండ్ ప్రీ జీటీపీ అనే మోడళ్లలో 3.8 లీటర్ వీ6 మీద ఈటన్ ఎం90 అనే సూపర్‌ఛార్జర్ కూర్చుని ఉండేది. అది రూట్స్ రకం. రూట్స్ అంటే వేళ్లు కాదు, ఇద్దరు అన్నదమ్ముల ఇంటిపేరు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం కానర్స్‌విల్‌లో ఉన్నిమిల్లు నడిపేవాళ్లు. 1860లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. కారు కోసం కాదు, అప్పటికి కారే లేదు. ఇనుము కరిగించే కొలుములకి గాలి ఊదడానికి, గనుల్లోకి గాలి పంపడానికి అది బాగా పనికొచ్చింది. అంటే కమ్మరి తిత్తి పోలిక నేను కల్పించింది కాదు, దీని అసలు ఉద్యోగమే అది.

లోపల రెండు రోటర్లు ఎదురెదురుగా తిరుగుతాయి. ఇక్కడే అందరూ పొరబడతారు, నేనూ పొరబడ్డాను. చెరకు రసం మిషన్‌లో రెండు రోలర్ల మధ్యనుంచి గడ పోయినట్టు, గాలి కూడా రోటర్ల మధ్యనుంచి నలిగి వస్తుందనుకుంటాం. కాదు. గాలి రోటరుకీ బయటి గోడకీ మధ్య ఉన్న ఖాళీలో చిక్కుకుని, చుట్టూ తిరిగి అవతలికి చేరుతుంది. దారిలో ఎక్కడా నలగదు. మన సిటీ బస్సు కండక్టర్ స్టాపులో ఉన్న జనాన్ని లోపలికి తోసినట్టు, అంతకుముందే నిండి ఉన్న మానిఫోల్డ్‌లోకి తోసేస్తుంది. ఇరుకు అక్కడ పుడుతుంది, యంత్రంలో కాదు. తలుపు తెరిచిన క్షణంలో లోపల ఒత్తిడిలో ఉన్న గాలి ఒకసారి వెనక్కి తన్నుతుంది, మళ్లీ ముందుకి పోతుంది. ఈ వెనక్కీ ముందుకీ గొడవలోంచే వేడి, ఆ పాత కార్ల మూలుగు శబ్దం రెండూ పుడతాయి.

లాభమేంటి? ఒక చుట్టుకి ఎంత గాలి తోయాలో అంత తోస్తుంది, మెల్లగా తిరిగినా సరే. కాబట్టి పెడల్ నొక్కగానే పికప్ ఉంటుంది. సిగ్నల్ దగ్గర్నుంచి కదిలేటప్పుడే తెలుస్తుంది. నష్టం వేడి. ఒక లెక్క చెప్తా. 30 డిగ్రీల గాలిని 8 పీఎస్ఐ అదనపు ఒత్తిడికి నొక్కితే, నష్టం ఏమీ లేకపోయినా అది 70 డిగ్రీలవుతుంది. 55 శాతం సామర్థ్యంతో పనిచేసే పాత రూట్స్ అయితే 100 దాటుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది, అంటే దట్టించింది కొంత వృథా. అంతకన్నా ప్రమాదం నాకింగ్. స్పార్క్ పడి మంట సాఫీగా పాకాల్సిన చోట, మిగిలిన పెట్రోలు ఆ వేడికి తనంతట తనే పేలడం. అందుకే జీఎం వాళ్లు ఆ ఇంజన్ కంప్రెషన్ రేషియోని మామూలు దానిలో 9.4 ఉంటే సూపర్‌ఛార్జర్ దానిలో 8.5కి తగ్గించారు.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. వచ్చిన మూడో ఏడు ఒక జీటీపీ కొన్నాను, నలుపు రంగు, డోర్ల కింద తుప్పు. సూపర్‌ఛార్జర్ ముందుండే పుల్లీ చిన్నదైతే అది ఇంకా వేగంగా తిరుగుతుంది, ఇంకా గాలి తోస్తుంది. కంపెనీది 3.8 అంగుళాలు. నేను 3.4 వేశాను. అంటే 12 శాతం ఎక్కువ వేగం. గంట పని, అంతే. దానికి తగ్గట్టు కంప్యూటర్ ట్యూనింగ్ చేయించలేదు, నాక్ ఎంతొస్తోందో స్కానర్ పెట్టి చూడలేదు. ఆ కారుకి ఇంటర్‌కూలర్ కూడా ఉండదు. చలికాలమంతా బ్రహ్మాండంగా తిరిగింది. ఎందుకు తిరిగిందో ఇప్పుడు తెలుసు: మైనస్ 25లో గాలి ముందే చల్లగా ఉంటుంది, వేడి కనపడలేదు. జులైలో ఒక మధ్యాహ్నం 410 హైవే మీదికి ఎక్కుతూ గట్టిగా నొక్కాను. గులకరాళ్లు డబ్బాలో వేసి ఊపిన శబ్దం రెండు సెకన్లు, తర్వాత వెనక నీలం పొగ. విప్పి చూస్తే నాలుగో పిస్టన్ రింగుల దగ్గర అంచు విరిగి ఉంది. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేదు. అమ్మకి బండి పాడైందని చెప్పాను, నేనే పాడుచేశానని చెప్పలేదు.

రూట్స్ గురించి ఇంకో ముచ్చట, ఇది వదలబుద్ధి కావట్లేదు. సినిమాల్లో బానెట్ చీల్చుకుని పైకొచ్చి కనపడే ఆ పెద్ద బ్లోయర్ ఉంటుందే, దాని జాతకం బస్సులది, లారీలది. జీఎం టూ స్ట్రోక్ డీజిల్ ఇంజన్లలో 71 సిరీస్ అని ఉండేది. 6-71 అంటే ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 క్యూబిక్ అంగుళాలు. టూ స్ట్రోక్ డీజిల్ తనంతట తాను గాలి పీల్చుకోలేదు, కాబట్టి బలం పెంచడానికి కాదు, అసలు ఊపిరి ఆడటానికే దానికి రూట్స్ బ్లోయర్ కావాలి. రేసింగ్ కుర్రాళ్లు జంక్‌యార్డుల్లోంచి ఆ బ్లోయర్లు పీకి పెట్రోలు వీ8ల మీద పెట్టారు. మన ఒంటారియోలోని లండన్‌లో 1960లు, 70లలో జీఎం బస్సులు తయారయ్యేవి. టొరంటోలో చాలా ఏళ్లు తిరిగిన గుండ్రటి అద్దాల బస్సులు అవే, వాటి లోపల మూలిగింది ఇదే యంత్రం.

కొత్త రూట్స్ చాలా మారింది. ఈటన్ వాళ్ల టీవీఎస్ అనే రకంలో రోటర్లకి మూడుకి బదులు నాలుగు రెక్కలు, అవి నిలువుగా కాకుండా 160 డిగ్రీలు మెలితిరిగి ఉంటాయి. గాలి కుదుపు లేకుండా జారుతుంది, సామర్థ్యం 70 శాతం దాటింది. ఓషావాలోనే తయారైన 2012 కమారో జడ్ఎల్1లో ఇదే, 580 హార్స్‌పవర్. సెకండ్ హ్యాండ్‌లో మీకు ఎక్కువ కనపడేవి 3.0 లీటర్ ఆడీలు, వాటి మీద రాసి ఉండే "టీ" చూసి టర్బో అనుకోకండి. 2009 నుంచి 2017 దాకా వచ్చిన చాలావాటిలో ఉన్నది ఈ టీవీఎస్సే.

రెండోది మన బ్రాంప్టన్. విలియమ్స్ పార్క్‌వే వైపు ఉండేవాళ్లకి ఆ ప్లాంట్ తెలుసు. డాడ్జ్ ఛాలెంజర్, ఛార్జర్ అక్కడే తయారయ్యాయి. 2015 మోడల్ నుంచి హెల్‌క్యాట్ అని 6.2 లీటర్ వీ8, 707 హార్స్‌పవర్ కారు వచ్చింది. దాని మీద ఉన్నది ట్విన్ స్క్రూ, 2.4 లీటర్లది, జపాన్ ఐహెచ్ఐ తయారీ. ఈ రకాన్ని 1930లలో స్వీడన్ ఇంజనీరు ఆల్ఫ్ లిషోల్మ్ పనికొచ్చే రూపానికి తెచ్చాడు.

చూడటానికి రూట్స్‌లాగే ఉంటుంది, రెండు రోటర్లు. కానీ రెండూ ఒకేలా ఉండవు. ఒకదాని గట్లు ఇంకోదాని గాడుల్లో సరిగ్గా కూర్చుంటాయి. నూనె మిల్లులో ఎక్స్‌పెల్లర్ గుర్తుందా? వేరుశనగ ముందుకి పోయేకొద్దీ చోటు తగ్గుతూ వస్తుంది. ఇక్కడా గాలి పొడవునా ముందుకి జరుగుతూ, జరిగేకొద్దీ నలుగుతుంది. మానిఫోల్డ్ దగ్గర తలుపు తెరుచుకునేసరికి లోపలి గాలి, బయటి గాలి దాదాపు ఒకే ఒత్తిడిలో ఉంటాయి, వెనక్కి తన్నడం ఉండదు. ఇందాకటి లెక్కలో 75 శాతం సామర్థ్యం పెడితే 30 డిగ్రీల గాలి 83 దగ్గర ఆగుతుంది. పాత రూట్స్‌తో పోలిస్తే ఇరవై డిగ్రీల తేడా. కింది వేగంలో పికప్ రూట్స్‌లాగే ఉంటుంది, ఒత్తిడి పెంచేకొద్దీ దీని చల్లదనం కలిసొస్తుంది. శబ్దం మూలుగు కాదు, ఈల.

మరి అందరూ ఇదే ఎందుకు పెట్టరు? ధర. రోటర్లు ఒకదానికొకటి తగలకుండా, గాలి కారకుండా వెంట్రుకంత సందుతో తిరగాలి. ఇంకోటి, నలిపే పని యంత్రంలోనే ఉంది కాబట్టి మీకు అవసరం లేకపోయినా కొంత నలుపుతూనే ఉంటుంది. బైపాస్ వాల్వ్ దాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. హెల్‌క్యాట్‌ది పూర్తి వేగంలో నిమిషానికి 14,600 చుట్లు తిరుగుతుంది, అలా తిప్పడానికే ఇంజన్ నుంచి దాదాపు 80 హార్స్‌పవర్ తీసుకుంటుంది. నేను ఇప్పుడు నడిపే చిన్న కారు మొత్తం బలం అంతకన్నా ఎంతో ఎక్కువ కాదు.

ఆ ప్లాంట్‌లో చివరి ఛాలెంజర్ 2023 డిసెంబరులో బయటికొచ్చింది, 1,025 హార్స్‌పవర్ డీమన్ 170. ఆ తర్వాత జీప్ కంపాస్ కోసం ప్లాంట్ మారుస్తామన్నారు. 2025 ఫిబ్రవరిలో ఆ పని ఆపారు, అక్టోబరులో ఆ కారుని ఇల్లినాయ్‌కి మార్చేస్తున్నట్టు ప్రకటించారు. మా గ్యారేజ్‌కి వచ్చేవాళ్లలో ఆ లైను మీద పనిచేసినవాళ్లు ఉన్నారు. సూపర్‌ఛార్జర్ గురించి నాకన్నా వాళ్లకి ఎక్కువ తెలుసు, ఇప్పుడు ఒకాయన ఊబర్ నడుపుతున్నాడు.

మూడోది మాల్టన్. పియర్సన్ ఎయిర్‌పోర్ట్ పక్కన. మనవాళ్లు ఎందరో దిగగానే మొదట అద్దెకి ఉండేది అక్కడే. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ విక్టరీ ఎయిర్‌క్రాఫ్ట్ అనే ఫ్యాక్టరీలో 430 లాంకాస్టర్ బాంబర్లు తయారయ్యాయి. ఒక్కో విమానానికి నాలుగు మెర్లిన్ ఇంజన్లు, రోల్స్ రాయిస్ డిజైను, వీటికి పెట్టినవి అమెరికాలో ప్యాకార్డ్ చేసినవి. 27 లీటర్ల వీ12. ప్రతి మెర్లిన్ వెనక ఒక సెంట్రిఫ్యూగల్ సూపర్‌ఛార్జర్ ఉంటుంది. మాల్టన్‌లో చేసిన వాటిలో ఒకటి ఇప్పటికీ ఎగురుతుంది, హామిల్టన్ మ్యూజియంలో ఉంది. ప్రపంచం మొత్తం మీద ఎగిరే స్థితిలో ఉన్న లాంకాస్టర్లు రెండే.

ఇది ఎలా పనిచేస్తుందో జొన్న చేను కాపలా కాసినవాళ్లకి వెంటనే తెలుస్తుంది. మంచె మీద నిలబడి వడిసెల తిప్పుతాం. రాయి దూరం పోవడానికి కారణం మనం తోయడం కాదు, తిప్పిన వేగం. ఇందులోనూ ఒక రెక్కల చక్రం ఉంటుంది. గాలి మధ్యలోంచి వస్తుంది, చక్రం దాన్ని అంచుకి విసురుతుంది. ఆ విసురుని చుట్టూ ఉన్న గుల్ల మెల్లగా ఆపుతుంది, ఆగేటప్పుడు వేగం ఒత్తిడిగా మారుతుంది. టర్బోలో గాలి నొక్కే సగం కూడా అచ్చం ఇదే. కారులో బెల్టుతో తిప్పి, లోపల గేర్లతో నిమిషానికి నలభై, యాభై వేల చుట్లకి పెంచుతారు.

వడిసెల మెల్లగా తిప్పితే రాయి కాళ్ల దగ్గర పడుతుంది. ఇక్కడా అంతే, ఒత్తిడి దాదాపు వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. ఇంజన్ 6,000 ఆర్పీఎం దగ్గర 9 పీఎస్ఐ ఇచ్చేది 3,000 దగ్గర రెండు పైచిలుకే ఇస్తుంది. విమానానికి ఇది లోటు కాదు, ఎందుకంటే దాని ఇంజన్ గంటల తరబడి ఒకే వేగంలో తిరుగుతుంది. దాని బాధ వేరు: 5,500 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి నేలమీద ఉన్నదానిలో సగమే. అందుకే లాంకాస్టర్ మెర్లిన్లలో సూపర్‌ఛార్జర్‌కి రెండు గేర్లు, కింద ఒకటి, పైకెళ్లాక ఒకటి. కారుకి వచ్చేసరికి, క్వీన్ స్ట్రీట్ మీద 2,000 ఆర్పీఎంలో పోయేవాడికి ఇది ఉన్నట్టే తెలియదు. హైవే మీద 5,000 దాటిస్తే అప్పుడు లేస్తుంది. మిగతా రెండు రకాల్లా ఇంజన్ నెత్తిన కూర్చోదు, ముందు పక్కన బ్రాకెట్ మీద తగిలించవచ్చు. బిగించడం తేలిక, మూడిట్లో గాలి కూడా తక్కువ వేడెక్కుతుంది. అందుకే బయట కొని వేసుకునే కిట్లు చాలావరకు ఇవే.

ఆల్బర్టాలో ఉన్న శ్రోతలు కొందరు అడిగారు, కాల్గరీ ఎత్తుకి సూపర్‌ఛార్జర్ మంచిదేనా అని. కాల్గరీ 1,045 మీటర్లు, అక్కడ గాలి పది పన్నెండు శాతం పలచన. సూపర్‌ఛార్జర్ వచ్చిన గాలిని ఇన్ని రెట్లు అని పెంచుతుందే తప్ప, తగ్గింది పూడ్చదు. బెల్ట్ నిష్పత్తి మారదు కదా. టర్బో అయితే వేస్ట్‌గేట్ మూసుకుని ఇంకాస్త గట్టిగా తిరిగి చాలావరకు పూడ్చుకుంటుంది. ఎత్తు ఊళ్లకి నా ఓటు టర్బోకే. రెండూ కలిపిన వోల్వో టీ6లు కూడా ఉన్నాయి, 2 లీటర్ల ఇంజన్‌కి కింది వేగంలో సూపర్‌ఛార్జర్, 3,500 దగ్గర అది క్లచ్ విడిపోయి టర్బో అందుకుంటుంది. నడపడానికి హాయిగా ఉంటుంది. వారంటీ అయిపోయాక విప్పేవాడికి అంత హాయిగా ఉండదు.

ఇక తమ్ముడి బండి. శనివారం ఇద్దరం వెళ్లి చూశాం. బానెట్ ఎత్తగానే తెలిసింది, పక్కన బ్రాకెట్ మీద నత్తగుల్ల ఆకారం: సెంట్రిఫ్యూగల్ కిట్. వాడు అనుకున్న "నొక్కగానే ఎగిరే" బండి అది కాదు. ఇంటర్‌కూలర్ లేదు. బెల్ట్ ముఖం అద్దంలా మెరుస్తోంది, అంటే జారుతోంది. ట్యూనింగ్ ఎవరు చేశారంటే అమ్మేవాడు "ఫ్రెండ్ చేశాడు" అన్నాడు, ఫైలు లేదు, కాగితం లేదు. పెట్రోలు ఏం పోస్తావంటే రెగ్యులర్ అన్నాడు. ఒత్తిడి పెంచిన ఇంజన్‌కి 91 ప్రీమియం లేకుండా కుదరదు, నా పిస్టన్‌ని అడగండి. కంప్రెషన్ టెస్ట్ పెడతానంటే మొహం మాడ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. ఏడు సిలిండర్లు 160కి అటూ ఇటూ వచ్చాయి. ఒకటి 110.

అక్కడే నిలబడి వాడికి ఇన్సూరెన్స్ సంగతీ చెప్పాను. కారు కొన్నాక అందులో ఇలాంటి మార్పు ఉందని కంపెనీకి చెప్పాలి. చెప్తే ప్రీమియం పెరుగుతుంది, కొన్ని కంపెనీలు అసలు తీసుకోవు. చెప్పకుండా ఊరుకుంటే యాక్సిడెంట్ రోజు క్లెయిమ్ చేతికి రాకపోవచ్చు. ఒంటారియోలో 80, అంతకన్నా ఎక్కువ లిమిట్ ఉన్న రోడ్డు మీద 50 దాటించి పోతే స్టంట్ డ్రైవింగ్ కింద పడుతుంది, 80 కన్నా తక్కువ లిమిట్ ఉన్నచోట 40 దాటితే చాలు. రోడ్డు మీదే 30 రోజులు లైసెన్స్ సస్పెండ్, 14 రోజులు బండి సీజ్, కోర్టులో తేలితే జరిమానా 2,000 డాలర్ల నుంచి మొదలు. బస్సులు ఆగిపోయాక మొదలయ్యే నైట్ షిఫ్ట్‌కి 30 రోజులు ఎలా వెళ్తావ్ అని అడిగాను. వాడేం మాట్లాడలేదు, నత్తగుల్ల వైపు ఇంకోసారి చూశాడు. నాకు తెలుసు ఆ చూపు. ఆ నల్ల జీటీపీని నేనూ అలాగే చూశాను.

తీసుకోలేదు. వారం తిరగకుండా ఆ బండి ఇంకెవరో కొనుక్కున్నారు. నిన్న రాత్రి వాడి దగ్గర్నుంచి మళ్లీ వాయిస్ మెసేజ్: "అన్నా, గ్రాండ్ ప్రీ ఒకటి ఉన్నదే. ఆరొందల డాలర్లు తగ్గిస్తుండు. సూపర్‌ఛార్జర్ లోపల్నుంచి గలగల సప్పుడొస్తున్నది, అది ఏందన్నా?" ఆ శబ్దం నాకు బాగా తెలుసు. స్టార్ట్ చేసి ఖాళీగా ఉంచినప్పుడే వస్తే, ఎం90 ముందు భాగంలో ఉండే ప్లాస్టిక్ కప్లర్ అరిగిందని అర్థం. అది చవకే, ఓ మధ్యాహ్నం పని, ఆయిల్ కూడా అప్పుడే మార్చేయొచ్చు. ఇంజన్ వేడెక్కాక, వేగం పెరిగేకొద్దీ గీరుతున్నట్టు వస్తే మాత్రం బేరింగ్ పోయినట్టు. ఈ ఆదివారం వెళ్లి విని వస్తాం, పుల్లీ సైజు కూడా కొలుస్తాను. రికార్డర్ తీసుకెళ్తున్నా, ఆ చప్పుడు వచ్చే ఎపిసోడ్ మొదట్లో వినిపిస్తాను.